నలభై పిన్నుల సంచి: ఒక నకిలీ సరుకు కేసు, మొదటి నుంచి

రెండు పిన్నులూ ఒకే బల్ల మీద పక్కపక్కన పడేదాకా మాలో ఎవరికీ అనుమానం రాలేదు. పిన్నులంటే చొక్కాకి గుచ్చుకునే లోహపు బొమ్మల బ్యాడ్జీలు. వాటిని పోగుచేసి ఒకరికొకరు మార్చుకునే సరదా మాది. రెండింటిదీ ఒకటే బొమ్మ. పైనాపిల్ పండు పట్టుకుని పళ్ళికిలిస్తున్న నీలం స్టిచ్, డిస్నీ కార్టూన్లోని బుల్లి గ్రహాంతర జీవి. ఒకటి రావులపాలెం మేడంగారిది, కొన్నప్పటి అట్ట మీదే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. రెండోది కాకినాడ నుంచి వచ్చే రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారిది, కిందటి నెల మార్పిడిలో చేతికొచ్చింది. మేడంగారి మనవరాలు రెండూ చూసి, "తాతగారూ, మీ స్టిచ్‌కి జ్వరం వచ్చిందా?" అనడిగింది.

అప్పుడు చూశాం. మేడంగారి పిన్నులో ముదురు నీలం, లేత నీలం విడివిడిగా ఉన్నాయి. మధ్య లోహపు గీత వెంట్రుకంత సన్నం. మేనేజరుగారి దాంట్లో రెండు నీలాలూ కలిసిపోయి రిన్ నీళ్ళలా ఉన్నాయి. కుడి చెవి కొసన రంగు అసలు పడలేదు. ఆయన మొహం పాలిపోయింది. ఎందుకంటే దీనికోసం ఆయన ఇచ్చింది మామూలు పిన్ను కాదు. 2019లో వాళ్ళమ్మాయి అమెరికాలోని ఓర్లాండోలో కొని తెచ్చిన లిమిటెడ్ ఎడిషన్, వెనక 2000 అని, అంటే చేసినవే అన్ని అని, సంఖ్య ఉన్నది.

కిందటి కార్తీక మాసంలో మొదలైన ఈ వ్యవహారం తేలడానికి నాలుగు నెలలు పట్టింది. దాన్ని చూసిన బాధ్యత నాది కాబట్టి, రాసి పెట్టడం కూడా నా పనే అనుకున్నాను.

నాది అమలాపురంలో బంగారం పని. పిన్నులు సరదా. మా నాన్నగారు విశాలాంధ్ర పుస్తక ప్రదర్శనల్లో సోవియట్ పుస్తకాలు కొనేవారు. వాటితోపాటు ఎవరో ఇచ్చిన రెండు మూడు బ్యాడ్జీలు ఇంట్లో ఉండేవి. 1980 మాస్కో ఒలింపిక్స్ ఎలుగుబంటి మీషా ఒకటి, ఎర్ర నక్షత్రం ఒకటి. చిన్నప్పుడు ఆ నక్షత్రం మీది ఎరుపు చూసి, మా కొట్లో మీనా పనికి, అంటే నగల గదుల్లో రంగు నింపే పనికి, వాడే ఎరుపు ఇలా ఎందుకు రాదని నాన్నని విసిగించేవాణ్ణి. అలా పట్టుకుంది. తర్వాత అమెరికా వెళ్ళిన పిల్లలున్న ఇళ్ళలోంచి డిస్నీ పిన్నులు రావడం మొదలైంది. కోనసీమలో అలాంటి ఇల్లు లేని వీధి ఏముంది? ఇప్పుడు మా బృందంలో ఇరవై ఇద్దరం. నెలలో మొదటి ఆదివారం రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక మిత్రుడి మేడ మీద కలుస్తాం. డబ్బుతో కొనడం, అమ్మడం ఉండదు. పిన్నుకి పిన్ను. మధ్యలో ఎవరో ఒకరు కిందకి వెళ్ళి రోజ్ మిల్క్ తెస్తారు.

ఈ సరదా తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఎవరు ఆటగాడు, ఎవరు అధికారి అని తెలియడానికి అట్టముక్క బ్యాడ్జీలు పెట్టారు. ఆటగాళ్ళు వాటిని మార్చుకోవడంతో ఇది మొదలైందంటారు. డిస్నీ వాళ్ళు 1999లో, కొత్త సహస్రాబ్ది వేడుకల్లో భాగంగా, ఫ్లోరిడా పార్కులో మార్పిడి పద్ధతి పెట్టారు. అక్కడి ఉద్యోగుల మెడలో పిన్నులు గుచ్చిన తాడు ఉంటుంది. సందర్శకుడు తన దగ్గరున్న డిస్నీ పిన్ను ఇచ్చి, ఆ తాడు మీద నచ్చినది తీసుకోవచ్చు. ఇందులోనే కిటుకు ఉంది. ఇంటి దగ్గర నలభై రూపాయలకి దొరికిన నకిలీ పట్టుకెళ్ళి ఉద్యోగి చేతిలో పెడితే అసలుది చేతికొస్తుంది. ఆ నకిలీ తాడు మీద ఉండిపోతుంది. దాన్ని తర్వాత వచ్చిన పిల్లో, పిల్లాడో ముచ్చటపడి తీసుకుంటారు. అందుకే "మా అమ్మాయి పార్కులోనే స్వయంగా మార్చుకుందండీ" అని ఎవరైనా అంటే నేను తలూపి ఊరుకుంటాను. పార్కు దుకాణంలో కొన్నదానికీ, పార్కులో మార్చుకున్నదానికీ చాలా తేడా ఉంది.

కేసులోకి వస్తాను. మేనేజరుగారికి ఆ స్టిచ్ ఇచ్చింది పాలకొల్లు కుర్రాడు. ఇంటర్ రెండో సంవత్సరం. నెమ్మదస్తుడు, మా బృందంలో అందరికంటే చిన్న. ఆ రోజు రాలేదు. ఫోన్ చేస్తే దాచకుండా చెప్పేశాడు. ఆన్‌లైన్‌లో "అసలైన డిస్నీ పిన్నులు, 40 రకాలు, మార్పిడికి అనువు" అని చూసి 1,800 రూపాయలకి తెప్పించుకున్నాడు. అంటే ఒక్కోటి 45 రూపాయలు. పార్కులో ఒక మామూలు పిన్ను పది డాలర్ల పైమాటే. "నీకు అనుమానం రాలేదా నాన్నా?" అంటే, "వచ్చిందండి. కానీ ఫొటోలో బాగున్నాయండి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అనుమానం రాలేదని చెప్పుంటే నమ్మేవాణ్ణి కాదు.

సంచిలోవి నలభై. రెండు సమావేశాల్లో పదకొండు మార్చేశాడు. అవి ఏడుగురి చేతికి వెళ్ళాయి. మిగిలిన ఇరవై తొమ్మిదీ మర్నాడే బస్సెక్కి వచ్చి నా కొట్టు బల్ల మీద పోశాడు. పోయగానే ఒక సంగతి కనపడింది. నలభై రకాలన్నవాడు ఒకే బొమ్మని రెండేసి, మూడేసి పెట్టాడు. స్టిచ్‌లు కూడా రెండు వచ్చాయట, రెండూ మార్చేశాడు. ఒకటి కాకినాడ, ఒకటి తణుకు. తణుకు సంగతి తర్వాత చెబుతాను, ఈ కేసుకి మూలం అదే.

ఇలాంటి సరుకు ఎక్కణ్ణుంచి వస్తుందో కొంచెం తెలియాలి. డిస్నీ పిన్నుల్లో ఎక్కువ భాగం చైనాలో తయారవుతాయి. రంగు సరిగ్గా పడనివి, పూత చెడినవి ఫ్యాక్టరీలో తుక్కుగా పక్కన పెడతారు. ఆ తుక్కు దొడ్డిదారిన బయటికి వస్తే దాన్ని 'స్క్రాపర్' అంటారు. ఆర్డరు అయిపోయాక అదే అచ్చుతో మరికొన్ని కొట్టి అమ్ముకున్నా అదే పేరు. మూడో రకం, అసలు పిన్నుని చూసి కొత్తగా అచ్చు తీసినది. మన వాడుకలో ఇవన్నీ నకిలీలే కానీ, పరీక్షించేవాడికి ఒకటి కావు. అసలు అచ్చుతోనే కొట్టిన దొంగ పిన్నుని కొలతతో పట్టలేం, పనితనంతో పట్టాలి. అచ్చు మీద అచ్చు తీసినదాన్ని కొలతతో పట్టొచ్చు. ఇవి కాక ఫాంటసీ పిన్నులని ఉన్నాయి. కంపెనీ ఎప్పుడూ చెయ్యని బొమ్మని అభిమానులే గీసి చేయించుకునేవి. అవి దేనికీ నకలు కావు, అలాగని అనుమతి ఉన్నవీ కావు. మా బృందంలో వాటిని చెప్పి మార్చుకోవచ్చు.

ఇక పరీక్ష. అందరూ మొదట వెనక్కి తిప్పి చూస్తారు. నేను ముందు వైపుతో మొదలుపెడతాను, వెనక చూస్తే మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుందని. కిటికీ పక్కన కూర్చుని, పిన్నుని ఏటవాలుగా పట్టి, పది రెట్ల భూతద్దంలో మూడు విషయాలు చూస్తాను. లోహపు గీతలు అంతటా ఒకే మందంలో ఉన్నాయా? రంగు గీత దాటి పొంగిందా? రంగులో గుంటలు, బుడగలు ఉన్నాయా? మీనా పని చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. గదిలో రంగు నింపేటప్పుడు చెయ్యి తొందరపడితే అంచు దగ్గర పొంగుతుంది, పిసినారితనం చేస్తే మధ్యలో గుంట పడుతుంది. ఎనామెల్ అంటే ఈ నింపే రంగే. గట్టి ఎనామెల్ పిన్నులో రంగునీ లోహాన్నీ కలిపి సానపడతారు కాబట్టి వేలితో రాస్తే అద్దంలా ఒకే మట్టం. మెత్తని ఎనామెల్‌లో రంగు లోహం కంటే కిందికి ఉంటుంది, గీతలు వేలికి తగులుతాయి. రెండూ అసలు పద్ధతులే. కాబట్టి వేలికి గీత తగిలిందని నకిలీ అనకూడదు. ఒకే బొమ్మ అసలుది గట్టి ఎనామెల్ అయి, మన చేతిలోది మెత్తనిదైతేనే లెక్క.

ఆ రోజు నా బల్ల మీది ఇరవై తొమ్మిదిలో పందొమ్మిది ఈ మొదటి చూపులోనే పోయాయి. రెక్కల బుల్లి దేవకన్య టింకర్ బెల్ బొమ్మ ఒకదానికి కళ్ళున్నాయి, కనుపాపలు లేవు.

తర్వాత అంచు. అచ్చు గుద్ది కత్తిరించిన పిన్ను అంచు నున్నగా, నిటారుగా ఉంటుంది. నాసిరకం పోతలో అంచు వెంట సన్నని గీతో, ఆకురాయితో హడావిడిగా అరగదీసిన గాట్లో కనపడతాయి. మనం రోజూ చూసేవే. పోత ఉంగరానికి గొట్టం కోసిన చోట ఎంత సాఫు చేసినా మచ్చ మిగులుతుంది కదా.

ఆ తర్వాతే వెనక వైపు. కొన్నేళ్ళుగా వచ్చే డిస్నీ పిన్నుల్లో చాలావాటి వెనక చిన్న చిన్న మిక్కీ తలల నమూనా ఉంటుంది. అసలువాటిలో ఆ నమూనా అంచు దాకా పారుతుంది, అంచు దగ్గర తల సగానికి తెగినా సరే. నకిలీల్లో తరచుగా అంచు చుట్టూ ఒక ఖాళీ గట్టు ఉండి, నమూనా దాని లోపలే ఆగిపోతుంది. చీరకి అంచు నేసినట్టు. కాపీరైటు అక్షరాలు కూడా చూడాలి, నకిలీలో అక్షరాల పొట్టలు పూడిపోతాయి. ఈ గట్టు గుర్తు పనికొచ్చేదే కానీ దీని ఒక్కదాని మీదే ఆధారపడి నేను పరువు పోగొట్టుకున్నాను. అది కూడా చెబుతాను.

వెనక బిగించే క్లిప్పు మిక్కీ ఆకారంలో రబ్బరుదైనా, ఇత్తడిదైనా దాన్ని లెక్కలోకి తీసుకోను. అది ఎవరైనా మార్చేయొచ్చు. ముల్లు మొదట్లో మాత్రం చూస్తాను, టంకం నీటుగా ఉందా, చుట్టూ చెదిరిందా అని.

అయస్కాంతం తెమ్మని చాలామంది అంటారు. తేవచ్చు, కానీ జాగ్రత్త. ఇత్తడికీ, రాగికీ, జింకు మిశ్రమానికీ అతుక్కోదు, ఇనుప రేకు మీద గుద్దినదానికి అతుక్కుంటుంది. అసలు పిన్నుల్లోనూ ఇనుపవి ఉంటాయి. పైగా పిన్ను ఇత్తడిదైనా ముల్లు ఇనుముదై ఉండొచ్చు. ముల్లు దగ్గర పెట్టి "అంటుకుందండోయ్" అని అరిచి లాభం లేదు. అంచు దగ్గర పెట్టాలి, ఒకే బొమ్మ రెండు పిన్నుల్ని పోల్చాలి.

గీటురాయి మీద గియ్యమని ఇద్దరు సలహా ఇచ్చారు. ఆ పిన్నుల మీద ఉండేది పలుచని పూత. గీస్తే పూత పోతుంది, తేలేదేమీ ఉండదు. గోళ్ళరంగు తుడిచే ద్రావకంతో రుద్దడం కూడా అంతే, అసలు మెత్తని ఎనామెల్‌ని కూడా చెడగొడుతుంది. పరీక్ష పేరుతో వస్తువుని చంపకూడదు.

నాకు బాగా నమ్మకమైనది నీళ్ళ తూకం. బంగారం కొట్టు కాబట్టి మిల్లీగ్రాము తూకం మిషను ఉంది. క్లిప్పు తీసేసి పిన్నుని ముందు మామూలుగా తూస్తాను. తర్వాత మిషను మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చేసి, పిన్నుని సన్నని దారానికి కట్టి, అడుగూ పక్కలూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచుతాను. అప్పుడు మిషను చూపించే గ్రాములు, ఆ పిన్ను పక్కకి తోసిన నీటి బరువు. మొదటి అంకెని దీనితో భాగిస్తే సాంద్రత. రంగు గుంటల్లో గాలిబుడగ పట్టుకుంటే లెక్క తప్పుతుంది, అందుకని నీళ్ళలో రెండు చుక్కలు కుంకుడు రసం వేస్తాను.

రావులపాలెం మేడంగారు పెద్ద మనసుతో కవరు విప్పి తమ స్టిచ్‌ని నా చేతికిచ్చారు. దాని బరువు 10.86 గ్రాములు, తోసిన నీరు 1.45. సాంద్రత దాదాపు 7.49. మేనేజరుగారి స్టిచ్ 9.12 గ్రాములు, తోసిన నీరు 1.42, సాంద్రత 6.42. ఇత్తడి సుమారు ఎనిమిదిన్నర, ఈ పనికి వాడే జింకు మిశ్రమాలు ఆరున్నర దాటి ఏడు లోపు. రంగు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఈ అంకెల్ని పుస్తకంలోని పట్టికతో కాకుండా రెండో పిన్నుతోనే పోల్చాలి. పొడుగు కొలిస్తే అసలుది 38.1 మిల్లీమీటర్లు, ఇది 37.8. చూడ్డానికి ఒకటే. కానీ అసలుదాన్నుంచి అచ్చు తీసి పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. తల్లి కంటే పిల్ల ఎప్పుడూ అరవీసం చిన్నది. అది తుక్కు కాదు, అచ్చు మీద అచ్చు అని అప్పుడు రూఢి అయింది.

మార్చేసినవాటిలో పది కూడా ఒక్కొక్కటే నా బల్ల మీదకొచ్చాయి. మొత్తం ముప్ఫై తొమ్మిది చూశాను. ఇరవై తొమ్మిది నిస్సందేహంగా నకిలీ. నాలుగు అసలువి, అమ్మినవాడు నమ్మకానికి కలిపి ఉంటాడు. ఆరు తేల్చలేకపోయాను, తేల్చలేదనే రాసిచ్చాను.

ఈ అంకెలు మొదట ఇలా లేవు. మొదటి రాత్రి అందరూ వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి "ఇది ఏంటండి, అది ఏంటండి" అని అడుగుతుంటే, నేను పెద్దమనిషి తరహాలో ఫోన్ చూసి టకటకా తీర్పులు ఇచ్చేశాను. సంచిలోవి ముప్ఫై నాలుగు నకిలీలన్నాను. సందట్లో సంచికి సంబంధం లేని యానాం మేడంగారి డొనాల్డ్ డక్‌ని కూడా కలిపేశాను, వెనక మిక్కీ తలలు లేవు కాబట్టి నకిలీ అని. ఆవిడ ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం ఆ పిన్నుతోపాటు దాని అట్టనీ, 2001 నాటి రసీదునీ తెచ్చి నా ముందు పెట్టారు. ఆ నమూనా మొదటినుంచీ లేదు. తొలి ఏళ్ళ పిన్నుల వెనక నున్నగానో, వేరే గరుకుతోనో ఉంటుంది. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి ఊపులో మర్చిపోయాను. అందరి ముందూ లేచి తప్పు నాదని చెప్పాను. అప్పటినుంచి ఫొటో చూసి "అనుమానం ఉంది, తీసుకురండి" అనడం వరకే.

అసలు నేను ఎంతటి నిపుణుణ్ణో చెప్పడానికి ఇంకోటుంది. నా దగ్గర సోవియట్ వ్యోమగామి గగారిన్ బ్యాడ్జీ ఒకటి ఆరేళ్ళు అద్దాల పెట్టెలో మధ్యస్థానంలో ఉంది. రష్యన్‌లో వీటిని జ్నచోక్ అంటారు. సోవియట్ కాలపు సాధారణ బ్యాడ్జీలకి వెనక అడ్డంగా సూది ఉంటుంది, పిన్నీసులా. చాలావాటి మీద కోపెక్కుల్లో ధర కూడా గుద్ది ఉంటుంది. నా గగారిన్‌కి వెనక నిలువు ముల్లు, అమెరికా పిన్నులకుండే క్లిప్పు. ఆరేళ్ళపాటు రోజూ ముందు వైపే చూసి మురిసిపోయాను. తిప్పి చూసింది భీమవరం డాక్టరుగారు.

ఇప్పుడు తణుకు సంగతి. రెండో స్టిచ్ ఆయన చేతికి వెళ్ళింది. వ్యాపారస్తుడు, మాటకారి, మా బృందం మొదలైనప్పటినుంచీ ఉన్నవాడు. గొడవ బయటపడిన రాత్రి వాట్సాప్‌లో జరిగిందంతా ఆయన చదివాడు. నీలం గీతలు కనపడ్డాయి, చదివినట్టు. మూడు రోజుల తర్వాత విజయవాడలో వేరే వాళ్ళ సమావేశానికి వెళ్ళి ఆ స్టిచ్‌ని ఒక కాలేజీ అమ్మాయికి ఇచ్చి ఒలింపిక్ పిన్ను తెచ్చుకున్నాడు. తెచ్చుకుని మా గుంపులోనే ఫొటో పెట్టాడు. అలా తెలిసింది.

అడిగితే తడబడలేదు. "నేనూ మోసపోయినవాణ్ణే కదండీ. నాకిచ్చినవాడు ఇచ్చాడు, నేను ఇచ్చాను. నష్టం నా దగ్గరే ఎందుకు ఆగాలి?" అన్నాడు. మేడ మీద కాసేపు నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దంలో సగం మందికి ఆయన మాట సబబుగానే అనిపించింది, మొహాలు చూస్తే తెలుస్తుంది. చిరిగిన యాభై నోటు చేతికొస్తే మనమంతా ఏం చేస్తాం? చీకట్లో ఆటోవాడికి మడిచి ఇచ్చేస్తాం.

ఈ కేసులో నేను పట్టుకున్న విషయం ఇదొక్కటే. నకిలీ చేసినవాడు ఎక్కడో ఉన్నాడు, వాడు మనకి దొరకడు. కానీ వాడి సరుకుని పాలకొల్లు నుంచి తణుక్కి, తణుకు నుంచి విజయవాడకి మోసేది వాడు కాదు. మోసేది మనం, మోసపోయినవాళ్ళం, మన నష్టం పూడ్చుకోవడానికి. కుర్రాడు తెలియక ఇచ్చాడు, అది పొరపాటు. తణుకు ఆయన తెలిసి ఇచ్చాడు. నా లెక్కలో నలభై పిన్నుల సంచి కంటే ఆ ఒక్క మార్పిడి పెద్దది. నష్టం ఎవరి దగ్గర తెలిసిందో వాళ్ళ దగ్గర ఆగాలి, తర్వాత వెనక్కి నడవాలి, ముందుకి కాదు. నేను ఇలా అంటే డాక్టరుగారు, "వెనక్కి నడవడం చెప్పినంత తేలిక కాదండి" అన్నారు. ఆయన అన్నదీ నిజమే, ఎందుకంటే మేనేజరుగారి లిమిటెడ్ ఎడిషన్ అప్పటికి డాక్టరుగారి దగ్గరే ఉంది.

ఎలాగంటే, కుర్రాడు దాన్ని డాక్టరుగారికిచ్చి ఐదు మామూలు పిన్నులు తీసుకున్నాడు. ఆ మార్పిడిలో రెండు వైపులా అసలు సరుకే. డాక్టరుగారి తప్పు ఏమీ లేదు. న్యాయంగా ఆయన్ని వెనక్కివ్వమనే హక్కు ఎవరికీ లేదు, అడిగాం అంతే. ఒక వారం ఆలోచించుకున్నారు. తర్వాత, "నా ఐదూ నాకిస్తే అలాగే" అన్నారు. కుర్రాడి దగ్గర వాటిలో మూడే మిగిలాయి. రెండు లేవు. తన సొంత పెట్టెలోంచి, ఈ సంచికి ముందు సంపాదించుకున్నవాటిలోంచి, మంచివి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరుగారు ఒకటి తీసుకుని ఒకటి వెనక్కి తోశారు.

మిగతా మార్పిడులు తేలిగ్గానే వెనక్కి వెళ్ళాయి. పదకొండులో ఏడు మొదటి చేతిలోనే ఉన్నాయి, మూడు రెండో చేతికి మారాయి. ఒక్క చోట చిక్కొచ్చింది. రాజోలు నుంచి వచ్చే ఆరేళ్ళ పాప తన పిన్ను ఇవ్వనంది. నకిలీ అమ్మా అంటే, "నాకు తెలుసు, అయినా ఇది నాదే" అంది. దాని వాదన దానిది. వదిలేశాం, పరీక్షించి గుర్తు వేసి తిరిగిచ్చాను.

కుర్రాడి తండ్రి సంక్రాంతి ముందు నా కొట్టుకొచ్చారు. చేపల చెరువులున్న మనిషి. కోపంగా వచ్చారు, నా కొడుకుని దొంగని చేశారని. కూర్చోబెట్టి టీ ఇచ్చి, రెండు స్టిచ్‌లూ చేతికిచ్చాను. ఇదీ తేడా అంటే ఆయన చాలాసేపు చూసి, "మేము మేతలో ఇదే చూస్తామండి, సంచి ఒకటే ఉంటుంది, లోపల పిండి వేరు" అన్నారు. అక్కణ్ణుంచి మాట కలిసింది. కేసులవుతాయా అని ఆయన భయం. తెలిసినంత చెప్పాను. సరుకు మీద తప్పుడు ట్రేడ్‌మార్కు వేసినా, అలాంటి సరుకు అమ్మినా 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 103, 104 సెక్షన్ల కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. అది కావాలని వ్యాపారం చేసేవాళ్ళ సంగతి. తెలియక చేసి, తెలియగానే సంచి తెచ్చి బల్ల మీద పోసినవాడి మీద మాకెవరికీ ఫిర్యాదు లేదు.

డబ్బు సంగతి ముందే కదిలించాం. అమ్మినవాడు తిరుగు సమాధానం ఇవ్వలేదు. ఆ సైటు వాళ్ళు మొదట "వాపసు గడువు దాటింది" అన్నారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ మాటే రాసి, రెండు స్టిచ్‌ల ఫొటోలు, తూకం అంకెలు, "అసలైన" అన్న వాళ్ళ ప్రకటన స్క్రీన్‌షాటు జతచేసి పంపాం. దాంతోపాటు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు పెట్టాం. పొట్లం విప్పేటప్పుడు వీడియో తీసి ఉంటే ఇంకా బలంగా ఉండేది, తియ్యలేదు. ఐదో వారంలో 1,800లో 1,200 వచ్చాయి. మిగతా ఆరు వందల కోసం పోరాడదామని నేనన్నాను. కుర్రాడే వద్దన్నాడు, పరీక్షలున్నాయండి అని.

నకిలీలని ఏం చెయ్యాలన్నదాని మీద పెద్ద చర్చే జరిగింది. గోదాట్లో కలిపేద్దామన్నారు ఒకరు, పుష్కరాల రేవు దాకా నడిస్తే చాలని. గోదారేం పాపం చేసింది? చెత్తబుట్టలో వేస్తే ఎవరో ఏరుకుని మళ్ళీ బజార్లోకి తెస్తారు. చివరికి నేనే ముక్కోణపు ఆకురాయితో ప్రతిదాని వెనకా, ముల్లుకి కుడి పక్కన, లోతుగా రెండు గాట్లు పెట్టాను. గాట్లున్న పిన్ను మా బృందంలో మార్పిడికి పనికిరాదు. పన్నెండు మంచి నమూనాలు తీసి, అసలువి దొరికిన చోట పక్కనే పెట్టి, ఒక పళ్ళెం తయారుచేశాం. కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు అది ఇచ్చి, చేత్తో పట్టి చూడమంటాం. నేను చెప్పే పది నిమిషాల ఉపన్యాసం కంటే ఆ పళ్ళెం బాగా పనిచేస్తోంది. ఇప్పుడు దాన్ని చూసుకునేది పాలకొల్లు కుర్రాడే. అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నాడు, నా కంటే చక్కటి దస్తూరీ.

తేమ వల్ల ఒక చిక్కు ఉంది, అది ఆ పుస్తకంలో మొదటి పేజీలో రాయించాను. మన వైపు వానాకాలంలో బెండు పలక మీద గుచ్చిన పిన్నులకి ముల్లు తుప్పు పట్టడం, ఇత్తడికి చిలుము రావడం మామూలే. తుప్పు పట్టిందని దేన్నీ నకిలీ అనొద్దు.

తణుకు ఆయన విషయం సగమే తేలింది. విజయవాడ అమ్మాయికి విషయం చెప్పి ఒలింపిక్ పిన్ను తిరిగిచ్చెయ్యమన్నాం. మూడు వారాలు నానబెట్టి, ఇచ్చాడు. ఇచ్చాక మా మేడ ఎక్కడం మానేశాడు. కానీ అప్పటికే ఆ అమ్మాయి స్టిచ్‌ని హైదరాబాద్ నుంచి వచ్చిన ఎవరికో ఇచ్చేసింది. తెలియకే ఇచ్చింది, పేరు కూడా అడగలేదట. ఒలింపిక్ పిన్ను వెనక్కొచ్చినందుకు సంతోషించాలో, తను ఇచ్చినదాని గురించి బాధపడాలో తెలియడం లేదని నాకు ఫోన్ చేసి చెప్పింది.

నలభైలో నేను చూడనిది ఆ ఒక్కటే. దాని మీద నా గాట్లు లేవు. కాకినాడ స్టిచ్‌కి జంట కాబట్టి బరువు 9.12 గ్రాములకి అటూ ఇటూగా, పొడుగు 37.8 మిల్లీమీటర్లు ఉండాలి. కుర్రాడి ఫొటోలో చూస్తే దీనికి కూడా కుడి చెవి కొసన నీలం లేదు, లోహం తెల్లగా కనిపిస్తుంది. పైనాపిల్ ఆకుల్లో మూడోది పసుపులోకి పొంగింది. మీ చేతికొస్తే ఇంకెవరికీ ఇవ్వకండి.